ఒకే స్లాటులో ఇద్దరు తండ్రులు

మాస్కు లేకుండా తిరగవచ్చని చెప్పిన ఏడాది, అక్టోబరు నెలాఖరు. అప్పటికి నేను ఈ పరాయి దేశంలో, హౌగాంగ్ అనే పేటలో ఒక ట్యూషన్ సెంటర్‌కి కోఆర్డినేటర్‌ని. కోఆర్డినేటర్ అంటే పెద్ద హోదా అనుకునేరు. పాఠం చెప్పడం తప్ప మిగిలిన పనులన్నీ చేసే మనిషి అని అర్థం. ఏ పిల్ల ఏ రోజు రావాలి, ఏ తల్లిదండ్రులు టీచర్‌ని ఎప్పుడు కలవాలి అన్నది నేనే వేస్తాను. ఒక్కొక్కరికి ఇచ్చే ఆ సమయాన్ని స్లాటు అంటాం.

నేను అక్కడ చేరింది నేల తుడవడానికి. అప్పటికి నాకు ఏ భాషలోనూ అక్షరం ముక్క రాదు. ఒకటో తరగతి పిల్లలు పారేసిన ఇంగ్లీషు కాగితాలు ఏరుకుని, ఆదివారం తెలుగు బడిలో మా అబ్బాయి వెనక బెంచీలో కూర్చుని, ముప్పై అయిదు దాటాక రెండు భాషలూ కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. నా పక్కన కూర్చున్న ఆరేళ్ళ పిల్ల నాకంటే ముందే గుణింతాలు దాటేసి, నావైపు జాలిగా చూసేది. అది చాలు, ఈ సంగతి మళ్ళీ ఎత్తను.

ఇక్కడ పదో తరగతి దాటిన పిల్లలు జేసీలో చేరతారు. మన ఇంటర్ లాంటిదే, రెండేళ్ళు. లెక్కల్లో హెచ్‌వన్ అని తేలికది, హెచ్‌టూ అని బరువుది ఉంటాయి. ఆ బరువు చాలదనుకునేవాళ్ళు దానిమీద ఫర్దర్ మాత్స్ అని ఇంకొకటి ఎత్తుకుంటారు. మొదటి ఏడాది చివర పరీక్ష మార్కులు చూశాక, రెండో ఏడాదికి ఏది ఉంచుకోవాలి, ఏది వదలాలి అని స్కూలు అడుగుతుంది. ఆ కొద్ది రోజులూ మా సెంటర్ కల్యాణ మండపంలా ఉండేది. అందరూ వస్తారు, అందరూ మాట్లాడతారు, పెళ్ళికూతుర్ని మాత్రం ఎవరూ అడగరు.

మాకు రెండు తెలుగు కుటుంబాలు ఉండేవి. పుంగ్గోల్ నుంచి రవికుమార్ గారు. రాఫెల్స్ ప్లేస్‌లో ఏదో బ్యాంకులో ఐటీ. కూతురు హంసిని. హౌగాంగ్‌లోనే ఉండే శేఖర్ గారు, ఆయనదీ అలాంటి ఉద్యోగమే. కొడుకు నిఖిల్. ఇద్దరు తండ్రులూ ప్రాణస్నేహితులు, శనివారం సాయంత్రం కలిసి బ్యాడ్మింటన్ ఆడతారు. పిల్లలవి వేరువేరు జేసీలు, ఇద్దరూ ఫర్దర్ మాత్స్. ఇద్దరూ మా దగ్గరే ట్యూషన్. మా దగ్గరే అన్న సంగతి తండ్రులిద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకున్నారు.

చేర్చిన రోజున రవిగారు గొంతు తగ్గించి, “ఆంటీ, మేం ఇక్కడికి వస్తున్నట్టు మన తెలుగువాళ్ళెవరికీ చెప్పకండి” అన్నారు. నెల తిరక్కుండా శేఖర్ గారు వచ్చి అదే మాట, అదే గొంతుతో అన్నారు. ట్యూషన్ పెట్టించామని తెలిస్తే పిల్లకి సొంతంగా రావడం లేదనుకుంటారట. ఎక్కడ పెట్టించామో తెలిస్తే వాళ్ళూ వచ్చేస్తారట. సరే, గుట్టు దాచడం నా ఉద్యోగంలో భాగమే. అమ్మాయిని శనివారం పొద్దున, అబ్బాయిని ఆదివారం సాయంత్రం వేశాను. రోజులు మారినప్పుడు ఒకరు లిఫ్టు దిగేదాకా ఇంకొకరిని కింద కాఫీ కొట్టులో కూర్చోబెట్టేదాన్ని. పోలీసు శాఖలో చేరి ఉంటే ఈపాటికి పతకం వచ్చేది.

ఆ అక్టోబరులో మార్కులు వచ్చాయి. హంసినికి లెక్కల్లో సి, కెమిస్ట్రీలో ఎస్, ఫర్దర్ మాత్స్‌లో యు. ఎస్ అంటే పాసుకి ఒక మెట్టు కింద. యు అంటే మెట్లే లేవు. ఫర్దర్ మాత్స్ వదిలేయమని స్కూలు టీచరే చెప్పింది. తండ్రి సంతకం శుక్రవారంలోగా కావాలి. రవిగారు పెట్టనన్నారు.

ఆ పిల్ల నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. పర్యావరణ ఇంజనీరింగ్ చదవాలని ఉందట. దానికి హెచ్‌టూ లెక్కలు కావాలి, సైన్సు కావాలి. “ఇదొక్కటి తీసేస్తే మిగతావి పైకి లాక్కోగలను ఆంటీ. తీయకపోతే ఆల్ సింక్ టుగెదర్ లా” అంది, ఇక్కడి పిల్లలు మాట చివర తగిలించే ఆ ‘లా’తో సహా. ఏడవలేదు. ఏడ్చే వయసు దాటి, లెక్క చెప్పే వయసులోకి వచ్చినట్టుంది.

తండ్రికి ఫోన్ చేశాను. మా యజమానురాలు మిసెస్ లిమ్ యూనివర్సిటీల నిబంధనలన్నీ చూసింది, మీ అమ్మాయి కోరిన కోర్సుకి ఫర్దర్ మాత్స్ ఎవరూ అడగడం లేదని చెప్పాను. “అడగరు ఆంటీ, కానీ మనసులో పెట్టుకుంటారు” అన్నారాయన. యూనివర్సిటీకి మనసు ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. ఇంకాస్త గుచ్చితే అసలు మాట బయటపడింది. వాళ్ళ ఫ్యామిలీ ఫ్రెండ్ కొడుకు ఉంచుకుంటున్నాడట. ఆ అబ్బాయి ఉంచుకున్నంతకాలం తన కూతురు వదలడానికి లేదట.

మర్నాడు శేఖర్ గారు వచ్చారు. నిఖిల్‌కి ఫర్దర్ మాత్స్‌లో ఎస్. వదిలిద్దామని ఆయనకీ ఉంది. “కానీ మాకు తెలిసినవాళ్ళ అమ్మాయి ఉంచుకుంటోంది ఆంటీ. ఆడపిల్లే మోస్తుంటే మావాడు దించేస్తే ఏం బాగుంటుంది?” అన్నారు.

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. వీళ్ళకి రుచి కూడా అక్కర్లేదు. పొరుగింటి పొయ్యి మీద గిన్నె ఉందా లేదా అన్నది చాలు, ఇక్కడ కూర మాడిపోతున్నా సరే.

ఇద్దరికీ నిజం చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ మాట ఇచ్చాను. మాట తప్పకుండా పని అయ్యే దారి ఒక్కటే కనిపించింది. గురువారం సాయంత్రం ఏడింటికి ఇద్దరినీ ఒకే స్లాటులో వేశాను. మిసెస్ లిమ్ పట్టిక చూసి, నువ్వు స్లాటులో ఎప్పుడూ పొరపాటు చేయవే అంది. ఇది పొరపాటు కాదన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, గది తలుపు మాత్రం వేయవద్దంది. ఆవిడకీ చూడాలని ఉంది.

రవిగారు, హంసిని ముందొచ్చి కూర్చున్నారు. కాసేపటికి లిఫ్టు తలుపు తెరుచుకుని శేఖర్ గారు, నిఖిల్ బయటికొచ్చారు. ఇద్దరు తండ్రులూ ఒకరినొకరు చూసుకున్న తీరు చూస్తే, ఏ సారా కొట్టులోనో ఎదురుపడ్డారనుకుంటారు.

“మీరిక్కడ...” అన్నారు శేఖర్ గారు.

“ఊరికే. పాప ఫ్రెండ్ కోసం వచ్చాం. మీరు?”

“ఏదో ప్రింటవుట్ కావాలంటేనూ.”

హంసిని ఫోన్ మీంచి తల ఎత్తకుండానే, “నాన్నా, నిఖిల్ జనవరి నుంచీ ఇక్కడే. మా ఇద్దరికీ ఎప్పుడో తెలుసు లా” అంది. నిఖిల్ చేయి ఊపాడు. తండ్రులు పది నెలలు కష్టపడి కట్టిన కోట అంతటితో పడిపోయింది.

ఆ తర్వాత మర్యాదలు మొదలయ్యాయి. మీవాడు ఉంచుకుంటున్నాడుగా అని ఈయన. మీ అమ్మాయి వదలట్లేదనే ఉంచాం అని ఆయన. మేమూ మీవాడిని చూసే కదండీ అని మళ్ళీ ఈయన. ఇక ఊరుకోలేక, “మీ గొడుగు చూసి ఆయన తెరిచారు, ఆయన గొడుగు చూసి మీరు మూయలేదు. వాన లేదని పిల్లలు ఏడాదిగా చెబుతున్నారు” అన్నాను.

ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. అయితే ఇద్దరం ఒకేసారి వదిలించేద్దాం అనేశారు. పొలం గట్టు తగాదా తీరినట్టు చేతులు కూడా కలుపుకున్నారు. రవిగారు అక్కడే సంతకం పెట్టారు. హంసిని ఆ కాగితాన్ని తండ్రి పెన్ను మూత పెట్టేలోపే సంచీలో దాచేసుకుంది.

అప్పుడు నిఖిల్, “నేను వదలను” అన్నాడు.

“నీకొచ్చింది ఎస్ రా.”

“తెలుసు నాన్నా. బట్ నాకు ఇష్టమైంది అదొక్కటే. ఎకనామిక్స్ తీసేయ్.”

నాకు ఆశ్చర్యం వేయలేదంటే అబద్ధం. నేనూ వీడిని మునిగిపోతున్నవాళ్ళ లెక్కలోనే వేసుకున్నాను. తరగతి అయిపోయాక కూడా తెల్లబోర్డు దగ్గర నిలబడి, తుడవడానికి నేను గుడ్డ పట్టుకొస్తే, ఇంకాస్త ఆగండి ఆంటీ అంటూ బతిమాలేది వీడే. ఇంటికి వెళ్ళడానికి బద్ధకం అనుకునేదాన్ని.

శేఖర్ గారు కొడుకుని చూడలేదు, రవిగారిని చూశారు. ఆయన ఏదైనా చెబుతారేమోనని. రవిగారి కూతురు అప్పటికే వదిలేసింది. శేఖర్ గారు ఇక కొడుకువైపు తిరిగి, “ఎందుకురా ఇష్టం?” అని అడిగారు. ఆ ప్రశ్న ఆ ఇంట్లో అదే మొదటిసారి అనుకుంటాను, వాడు జవాబు వెతుక్కోవలసి వచ్చింది. చివరికి, “తప్పు చేసినా ఎక్కడ తప్పానో దొరుకుతుంది. ఎకనామిక్స్‌లో దొరకదు” అన్నాడు.

స్కూలు ఒప్పుకుంటే ఎకనామిక్స్‌ని కూడా తేలికైన హెచ్‌వన్‌కి దించుకోవచ్చని మిసెస్ లిమ్ లోపలి నుంచే చెప్పింది. స్కూలు ఒప్పుకుంది. శేఖర్ గారు ఒప్పుకోవడానికి ఇంకొంచెం సమయం పట్టింది.

ఆ రెండు కుటుంబాలకీ కొన్నాళ్ళు చాలా కష్టంగా గడిచింది. పోల్చుకోవడానికి ఏమీ మిగల్లేదు మరి. ఒక వారం తర్వాత రవిగారు ఫోన్ చేసి, “ఆంటీ, వాళ్ళబ్బాయి ఇంకా అందులోనే ఉన్నాడా? మనం తొందరపడలేదు కదా?” అన్నారు. వాడు ఉన్నాడు, మీ పిల్ల లేదు, ఇద్దరూ బాగానే అన్నం తింటున్నారు అని చెప్పి పెట్టేశాను.

హంసిని కోరుకున్న ఇంజనీరింగ్‌లో చేరింది. నిఖిల్‌కి ఆఖరి పరీక్షలో ఫర్దర్ మాత్స్‌లో సి వచ్చింది. ఏ కరపత్రం మీదా వేసుకునే మార్కు కాదు. వాడు యూనివర్సిటీలో లెక్కలే చదువుతున్నాడు.

కాలేజీని దృష్టిలో పెట్టుకుని లెక్కల క్లాసు ఎంచుకోవాలంటే చూడాల్సినవి రెండే: కోర్సువాళ్ళు ఏం అడుగుతున్నారు, పిల్ల ఏం మోయగలదు. మొదటిది రాసే ఉంటుంది. రెండోది పిల్లని అడిగితే చెబుతుంది. ఆ గురువారం తర్వాత నేను పద్ధతి మార్చేశాను. గుట్టు స్లాట్లు తీసేశాను. ముందు పిల్ల ఒక్కతే లోపలికి వస్తుంది. తల్లిదండ్రుల కోసం బయట ఒకే ఒక పొడుగాటి బెంచీ వేయించాను. చుట్టూ చూసుకోవాలనుకునేవాళ్ళు అక్కడ కూర్చుని తనివితీరా చూసుకోవచ్చు.