పెచ్చు ఊడిన మూల

మిఠాయి పెట్టెలో లడ్డూలు కదలకుండా గుంటలున్న ప్లాస్టిక్ ట్రే ఉంటుంది చూశారా, దానికి చెక్కతో అచ్చు చేసేది నేను. వేడెక్కిన షీటును ఆ అచ్చు మీదికి లాగి ట్రేలు తీసేది నా స్నేహితుడు శీను. ఇద్దరిదీ తెనాలే. ఈమధ్య మా ఊరి మిఠాయి కొట్టాయనకు, ఈ డిజైను ఇంకెవరికీ ఇవ్వనని మాటిచ్చి, కొత్త అచ్చు చేశాను. మొదటి రోజే శీను దాన్ని కింద పడేస్తే ఒక మూల పెచ్చు ఊడింది. లప్పం పెడితే వాడు చిన్నబుచ్చుకుంటాడని అలాగే వదిలేశాను.

ఈ రోజు పని మీద రేపల్లె వెళ్లి, స్టేషన్ దగ్గర ఒక కొట్టులో లడ్డూలు కొన్నాను. ట్రే మూలన అదే పెచ్చు ఊడిన గుర్తు! అక్కడే నిలబడి శీనుకి ఫోన్ చేశాను.

“ట్రేలన్నీ ఒకేలా ఉంటాయిరా. నీ అచ్చేనని ఎలా చెప్తావ్?” అన్నాడు.

“నువ్వు పడేసిన మూల ఇందులో ఉందిరా.”

“అది అప్పుడే సరిచేసుంటే ఇప్పుడీ గొడవ ఉండేది కాదుగా!” అన్నాడు.

రేపు మా ఊరి కొట్టాయన ముఖం ఎలా చూడాలో తెలియడం లేదు. మీరైతే ఇప్పుడా మూలకి లప్పం పెడతారా?