బస్సుకు నీళ్ళు పోసిన సోములమ్మ

వెలగపుట్టులో సోములమ్మ ఇల్లు ఏదని అడగడానికి ఇంటిపేరు అక్కరలేదు. బస్సుకు నీళ్ళు పోసే సోములమ్మ అంటే చాలు, చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. పదకొండేళ్ళు పోసింది. అందులో చివరి మూడు నెలలు మాత్రం ఎవరికీ తెలియకుండా పోసింది. ఆ మూడు నెలల సంగతి నేనే చెప్పాలి. ఆ బస్సు డ్రైవర్ని నేనే, మోసపోయినవాణ్ణీ నేనే.

నా పేరు వరహాలరావు. మాది విజయనగరం అవతల పల్లం ఊరు. కొండ మీద డ్యూటీ పడినప్పుడు సణుక్కుంటూ వచ్చాను, ఇప్పటికీ సణుగుతూనే ఉన్నాను. మా బస్సు పొద్దుగూకాక ఏడింటికి వెలగపుట్టు చేరి, రాత్రి అక్కడే ఉండి, తెల్లవారి అయిదున్నరకి పాడేరు బయలుదేరుతుంది. నేనూ కండక్టర్ అప్పన్నా బడి పక్కనున్న గదిలో పడుకుంటాం. ఊరి నుంచి గెడ్డ, అంటే కొండవాగు దాకా దిగుడు, గెడ్డ దాటాక మెయిన్ రోడ్డు దాకా ఆరు కిలోమీటర్ల ఎక్కుడు. ఆ ఊరికి అదొక్కటే బస్సు. మిరియాలు, పసుపు, రాజ్మా సంతకు వెళ్ళాలన్నా, జ్వరం వచ్చినవాడు ఆసుపత్రికి వెళ్ళాలన్నా అదే.

సోములమ్మకు అరవై ఉంటాయి. పొట్టి మనిషి, గట్టి మనిషి. అరెకరం కాఫీ, దానిలో మిరియం తీగలు, ఇంట్లో మనవరాలు గాయత్రి. గాయత్రి పాడేరులో నర్సు ట్రైనింగు చదువుతోంది. రోజూ బస్సులోనే వెళ్ళి బస్సులోనే వస్తుంది. ఆ పిల్ల రెండో సంవత్సరంలో ఉంది, ఆరు నెలలు గడిస్తే ఉద్యోగానికి అర్హురాలవుతుంది. బస్సు ఆగితే ఆ చదువు ఆగుతుంది. ఒకసారి ఆగింది కూడా. నేను రాకముందు బస్సు పాడై డిపోకి వెళ్ళి అయిదు నెలలు తిరిగి రాలేదట. అప్పుడు ఇంటర్ చదువుతున్న గాయత్రికి ఒక ఏడాది పోయింది.

పాత బస్సు రేడియేటరు గేదెలా నీళ్ళు తాగేది. సోములమ్మ తెల్లవారకుండానే ఊట దగ్గర నుంచి రెండు బిందెలు తెచ్చి బస్సు ముందు పెట్టేది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ జీతం ఇవ్వలేదు. బస్సు ఊరికి వచ్చిన మొదటిరోజు డ్రైవరు నీళ్ళు అడిగితే ఆవిడ తెచ్చిందట, అప్పటి నుంచి అది ఆవిడ పని అయిపోయింది. నేను నిద్ర మొహంతో మూత తీసేవాణ్ణి, ఆవిడ పోసేది, ఇద్దరం ఊళ్ళో కబుర్లు చెప్పుకునేవాళ్ళం. నాకు అక్కడ నచ్చిన ఒకే ఒక్క పూట అది.

కిందటి వర్షాకాలం చివర్లో ఆ బస్సును తీసేసి కొత్తది ఇచ్చారు. కొత్తదంటే మాకు కొత్త, మరెక్కడో ఆరేళ్ళు తిరిగినదే. తాళాలు ఇచ్చేటప్పుడు మెకానిక్ దేవీప్రసాద్ నన్ను బస్సు ముందుకు తీసుకెళ్ళి చిన్న తలుపు ఎత్తి తెల్ల ప్లాస్టిక్ డబ్బా చూపించాడు. అందులో గులాబీ రంగు ద్రవం ఉంది. ఇది నీళ్ళు కాదు, కూలెంటు అన్నాడు. ఇది ఇంజను వేడెక్కకుండా చూస్తుంది, లోపల తుప్పు పట్టనివ్వదు. పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూడాలి. డబ్బా మీద రెండు గీతలున్నాయి, మట్టం వాటి మధ్య ఉంటే చాలు. తగ్గితే అతనికి చెప్పాలి తప్ప సొంత వైద్యం చెయ్యకూడదు.

“వేడి మీద మూత తీసావంటే మొహం ఉడికిపోద్ది, గుర్తెట్టుకో,” అన్నాడు చివరికి.

అదంతా నేను వెలగపుట్టు వెళ్ళి సోములమ్మకు నా సొంత తెలివిలా చెప్పాను. పది రోజులు వరసగా తలుపెత్తి పాఠం చెప్పాను. ఇది పై గీత, ఇది కింది గీత, చల్లగా ఉన్నప్పుడే మూత ముట్టుకోవాలి, ఈ రంగు నీళ్ళు తియ్యగా ఉంటాయి కానీ విషం, కుక్కల్నీ మేకల్నీ పిల్లల్నీ దగ్గరకు రానివ్వకూడదు. ఆవిడ శ్రద్ధగా వింది. అంతా విని నిండు బిందెల వైపు చూసుకుంది.

“నీల్లు తాగని బండేటి బావు?” అంది.

నేను నవ్వాను. ఆవిడ బిందెలు ఎత్తుకుని తిరిగి వెళ్ళిపోయింది. ఆ నవ్వు అవసరం లేదని ఆ రోజే అనిపించింది నాకు, అయినా నా నోరు నా మాట ఎప్పుడు విన్నది గనుక.

ఆ తర్వాత మూడు నెలలు నాది రాజభోగం. రోజూ పొద్దున్నే తలుపెత్తి చూస్తే మట్టం పై గీత దగ్గరే ఉండేది. వెంట్రుకవాసి తగ్గితే ఒట్టు. డిపోలో మిగతా డ్రైవర్ల ముందు మీసం మెలేశాను. ఘాట్ రోడ్డు మీద ఇంత బాగా నడిచే బండి లేదని, నడిపేవాణ్ణి బట్టి ఉంటుందని అన్నాను. వాళ్ళు నా మాటలు నమ్మారో లేదో గానీ నేను మాత్రం గట్టిగా నమ్మాను.

డిసెంబరులో ఒక సంతరోజు. మంచు ఇంకా విడలేదు. బస్సు నిండా మనుషులు, మనుషుల కంటే ఎక్కువ బస్తాలు. సోములమ్మ కూడా మిరియాలు అమ్ముకోవడానికి ఎక్కింది. గాయత్రికి ఆ రోజు ప్రాక్టికల్ పరీక్ష. గెడ్డ దాటి ఎక్కుడు మొదలుపెట్టిన కాసేపటికి వేడి చూపించే ముల్లు నడిమి నుంచి కదిలింది. నేను వేగం తగ్గించాను. ముల్లు తగ్గలేదు. రోడ్డు వెడల్పుగా ఉన్న చోట పక్కకు తీసి ఇంజను ఆపేశాను. ముందు తలుపు సందుల్లోంచి ఆవిరి వస్తోంది.

అందరూ దిగారు. రామారావు అనే బెల్లం వ్యాపారి బాటిల్ పట్టుకుని వచ్చి, మూత తీసి ఇన్ని నీళ్ళు గుమ్మరిస్తే పది నిమిషాల్లో పోవచ్చని సలహా ఇచ్చాడు. ఊరికే ఇచ్చే సలహాలకు మన దేశంలో కరువు లేదు. నేను కదల్లేదు. లోపల కుక్కర్‌లో ఉన్నట్టు ఒత్తిడి ఉంటుందని, మూత కదిపితే మరిగే నీళ్ళు మీద పడతాయని చెప్పాను. అప్పన్న చొక్కా చెయ్యి పైకి మడిచి మోచేతి కింద మచ్చ చూపించాడు. పాత బస్సు మూత అతనికి ఇచ్చిన బహుమతి అది. రామారావు బాటిల్ తాగేసి బండరాయి మీద కూర్చున్నాడు.

యాభై నిమిషాలు కూర్చున్నాం. మంచు విడింది, ఎండ వచ్చింది. ఎప్పుడూ గలగలలాడే సోములమ్మ ఆ రోజు దూరంగా చెట్టు కింద ఒంటరిగా కూర్చుంది. గాయత్రి ఫోన్లో టైము చూసుకుంటూ అటూ ఇటూ తిరుగుతోంది. రేడియేటరు గొట్టం మీద అరచెయ్యి వేసి పెట్టుకోగలిగాక, గోనెగుడ్డ తడిపి మడతలు పెట్టి మూత మీద వేసి, మొహం పక్కకు పెట్టి, కొంచెం తిప్పాను. బుస్సుమంది. ఆ శబ్దం పూర్తిగా ఆగాకే మూత తీశాను.

లోపల గులాబీ రంగు లేదు. టీ డికాషన్ రంగులో నీళ్ళున్నాయి, అవీ సగానికి పైగా లేవు.

 ఎవడు పోశాడని కేకలు వేశాను. ఊళ్ళో పిల్లలేమోనని, నా మీద గిట్టనివాళ్ళేమోనని నోటికొచ్చినట్టు అన్నాను.  దేవీప్రసాద్‌కి ఫోన్ చేస్తే, ఆపదలో మంచినీళ్ళు పోసుకుని మెల్లగా రావడం తప్పు కాదు, వచ్చాక చూద్దామన్నాడు. అలాగే వెళ్ళాం. గాయత్రి పరీక్ష సగంలో చేరింది.

డిపోలో దేవీప్రసాద్ నీళ్ళు తొట్టిలోకి దింపితే ఎర్రమట్టి లాంటి తుప్పు వచ్చింది. రేడియేటరు సగం పూడిపోయిందన్నాడు. మేనేజర్ సాయిదుర్గ మేడమ్ నాకు మెమో ఇచ్చింది. బండి బాగయ్యేదాకా, కారణం తేలేదాకా వెలగపుట్టు నైట్ హాల్ట్ ఆపుతున్నానని, వేరే బస్సు లేదని చెప్పింది. నేను సంజాయిషీ రాశాను. ప్రతి ఉదయం మట్టం చూశానని, గుర్తు తెలియని వ్యక్తులు నీళ్ళు పోశారని రాశాను. పోలీసు భాష బాగా కుదిరిందని సంతోషించాను కూడా.

మూడో రోజు సోములమ్మ డిపోకి వచ్చింది. మెయిన్ రోడ్డు దాకా నడిచి, అక్కడ జీపు పట్టుకుని, గాయత్రిని వెంటబెట్టుకుని వచ్చింది. మేడమ్ గదిలో నేనూ దేవీప్రసాదూ ఉన్నాం. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

“నీల్లు నానే పోసినాను తల్లీ,” అంది.

ఆ తర్వాత దాచకుండా చెప్పింది. బస్సు వచ్చిన రెండో వారంలోనే మట్టం కింది గీత దాకా దిగిందట. నేను లేవకముందే వచ్చి ఊట నీళ్ళు చెంబుతో పోసి పై గీతకు తెచ్చిందట. ఇంజను చల్లగా ఉందో లేదో చెయ్యి పెట్టి చూసిందట. మూత గట్టిగా బిగించిందట. పసివాళ్ళను దగ్గరకు రానివ్వలేదట. నేను చెప్పిన జాగ్రత్తలన్నీ పాటించింది, ఒక్కటి తప్ప. చదువు రాని మనిషి, తెలియక చేసింది అని నేను మేడమ్‌తో అన్నాను. పెద్ద మనసుతో అన్నాననుకున్నాను.

సోములమ్మ నా వైపు తిరిగింది.

“తెలీక కాదు బావు. నువ్వు సెప్పినావు, నాను ఇన్నాను. తగ్గిందని సెబితే బండిని అట్టుకెల్లిపోతారు. ఒకపాలి అట్టుకెల్లి అయిదు నెల్లు తేలేదు. మా గుంట గాయత్రి ఇంట్లో కూకుండిపోనాది.” అటు తిరిగి మేడమ్‌తో అంది, “తప్పు నాది తల్లీ. బస్సు ఊరిది. ఏటి సేత్తారో నన్ను సెయ్యండి.”

 గాయత్రి గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. నాకు సిగ్గేసింది. తెలివితక్కువదని నేను జాలిపడ్డ మనిషి నాకంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. జబ్బు చెబితే మందిస్తారన్న నమ్మకం ఆవిడకు లేదు, అంతే. ఆ నమ్మకం లేకుండా చేసింది మేమే.

ముందుగా తేరుకున్నవాడు దేవీప్రసాద్. రోజుకు ఎంత పోసేదానివని అడిగాడు. చెంబుడని, ఎక్కుడులో బరువు ఎక్కువైన రోజు మర్నాడు చెంబున్నర పట్టేదని చెప్పింది. అతను లేచి నిలబడ్డాడు. మూత వేసిన బండి చుక్క కూడా తాగకూడదు, చెంబుడు తాగుతోందంటే ఎక్కడో కారుతోందన్నమాట అని షెడ్డులోకి వెళ్ళాడు. గంట తర్వాత పిలిచి, పంపు కింద గొట్టానికి వేసిన క్లిప్పు దగ్గర ఎండి అట్టకట్టిన గులాబీ పొడి చూపించాడు. ఇంజను వేడెక్కినప్పుడే కారి, ఆ వేడికే ఆరిపోతోంది. అందుకే నేల మీద తడి కనపడలేదు. మా చేతికి వచ్చినప్పటి నుంచీ ఉన్న జబ్బే అది.

మట్టం రోజూ చూశావు కదా, రంగు చూడలేదా అని మేడమ్ నన్ను అడిగింది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. గులాబీ రంగు ఎండుగడ్డి రంగై, ఎండుగడ్డి రంగు డికాషనై, అదంతా నా కళ్ళ ముందే జరిగింది. గీతను చూసి మురిసిపోయాను తప్ప గీత వెనకాల ఏముందో చూడలేదు. సంజాయిషీ కాగితం తిరిగి ఇమ్మని అడిగి, ఆ గుర్తు తెలియని వ్యక్తుల్లో ఒకణ్ణి నేనేనని రాసి ఇచ్చాను. మేడమ్ చదివి కాగితం సొరుగులో పడేసింది.

రేడియేటరు కడిగారు, గొట్టం మార్చారు, కొత్త కూలెంటు కొలతగా పోశారు. తొమ్మిది రోజులకు బస్సు వెలగపుట్టు వెళ్ళింది. వెళ్ళే ముందు మేడమ్ సోములమ్మకు ఫోన్లో ఒక మాట చెప్పింది. డబ్బా ముట్టుకోవద్దు, తగ్గితే చెప్పు, ఆ సాయంత్రానికే బండిని పంపిస్తాను అని. సోములమ్మ సరేనంది. ఆఫీసర్ల మాటకు కొండవాళ్ళు చెప్పే సరే ఎలా ఉంటుందో నాకు ఈపాటికి తెలుసు.

ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున గది తలుపు కొట్టిన చప్పుడైంది. తీస్తే సోములమ్మ. చేతిలో చెంబు లేదు.

“బావు, బేగి రా. కింది గీతకాడికి దిగిపోనాది. నాను ముట్టలేదు.”

టార్చి వేసి చూశాను. నిజమే, కింది గీతను తాకుతోంది. రంగు మాత్రం చక్కగా గులాబీ రంగే. దేవీప్రసాద్‌కి ఫోన్ చేస్తే, ముల్లు మీద కన్నేసి మెల్లగా తీసుకురమ్మన్నాడు. సోములమ్మ నా పక్కనే నిలబడి అంతా వింది. అట్టుకెల్లిపోతావా అని మాత్రం అడిగింది. తీసుకెళ్తాను, సాయంత్రం తీసుకొస్తాను అన్నాను. నా చేతిలో లేని మాట ఇచ్చానని నాకు తెలుసు, ఆవిడకూ తెలుసు.

డిపోలో చూస్తే కొత్త క్లిప్పు వదులైంది. బిగించి, తగ్గిన కూలెంటు పోసి, పరీక్షించడానికి మధ్యాహ్నం దాటింది. ఈలోగా ఇంకో రూట్లో బస్సు తక్కువైందని, దీన్ని రెండ్రోజులు అటు పంపుదామని మాట వచ్చింది. నేను వెళ్ళి మేడమ్ బల్ల ముందు నిలబడ్డాను.  మేడమ్ నా మొహం చూసి, వెలగపుట్టు బోర్డు తియ్యొద్దని షెడ్డుకు ఫోన్ చేసింది.

ఏడుకు పది నిమిషాలుండగా గెడ్డ దాటి ఊరివైపు మలుపు తిరిగాను. లైట్ల వెలుగులో రోడ్డు పక్కన సోములమ్మ కనపడింది. పొద్దున బస్సు కదిలినప్పుడు కట్టుకున్న చీరే, భుజం మీద అదే తువ్వాలు. ఊరు అక్కడికి రెండు కిలోమీటర్లుంటుంది. బ్రేకు వేసి తలుపు తీయించాను.

“ఎప్పట్నుంచి నిలబడ్డావప్పా ఇక్కడ?” అన్నాను.

“పొద్దున నువ్వెల్లినకాడ్నించి,” అంది బస్సెక్కుతూ.