ఎఫ్ ఫైవ్ మీంచి తీయని వేలు

ఆ రోజుల్లో మౌస్ పట్టుకునేవాళ్లంటే నాకు చిన్నచూపు. ఏ పనికైనా కీబోర్డు మీద ఒక మీట చాలు, నొక్కితే పనైపోవాలి, అంతే. (ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు. ఆ వయసులో అందరూ అంతేనని సర్దిచెప్పుకుంటాను గానీ, నేను ఇంకాస్త ఎక్కువే.) అందుకే నిజామాబాద్‌లో మా సారు నన్ను పిలిచి, ఎడపల్లి దగ్గర చెరకు ట్రాక్టర్లు తూచే కాంటాకి ప్రోగ్రాం రాయమంటే ఎగిరి గంతేశాను. ట్రాక్టర్ కాంటా ఎక్కుతుంది, ఎఫ్ ఫైవ్ నొక్కుతారు, బరువు తెర మీద పడి చీటీ బయటికొస్తుంది. ఆఫీసులో ఉత్తుత్తి బరువులతో చేసి చూపిస్తే సారు స్పెషల్ చాయ్ కూడా తెప్పించాడు.

ఎడపల్లిలో మొదటి ట్రాక్టర్‌కే తెర తెల్లబోయింది. గీత కదలదు, అక్షరం కదలదు. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాను, మళ్లీ అదే. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు కరెంటును తిట్టాను, వైరును తిట్టాను, దుమ్మును తిట్టాను. ఇరవై ఏళ్లుగా అక్కడ తూకం వేస్తున్న మనిషిని అందరూ కాంటా అన్న అంటారు, చివరికి ఆయన మీద పడ్డాను. "అన్నా, ఒక్కసారి నొక్కి వదిలెయ్యాలె" అంటే "గట్లనే చేస్తున్న చెల్లె" అంటాడు నింపాదిగా. నాకు ఒళ్లు మండిపోయింది. బయట ట్రాక్టర్లు కాలువ వంతెన దాకా ఆగిపోయాయి. వరసలో ముందున్న పెద్దాయన (వాళ్ల తాతలు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నారట) కిటికీలోంచి తల పెట్టాడు. "ఏమ్మా, తెల్లారుజామున కొట్టించిన చెరకు. ఎండలో ఇట్టా నిలబెడితే నీ పెట్టె లేచేసరికి బరువంతా గాలికి పోద్ది" అన్నాడు. ఆయన అరిచినా బాగుండేది. మెల్లగా అన్నాడు, అది ఇంకా గుచ్చుకుంది.

ఈసారి వెళ్లి అన్న వెనకే నిలబడ్డాను. ఆయన ఎఫ్ ఫైవ్ మీద వేలు పెట్టాడు, ఇక తీయడే. "వేలు తియ్యవేందన్నా?" అన్నాను.

"తూకం నిలవడకముందే ఎట్ల తీస్త? పాత కాంటాకు ముల్లు ఆగకముందే పిడి ఇడిస్తె తూకం తప్పుతుండె. రైతు కష్టం గది. గిట్ల ఇడిసిపెడ్తార?"

అప్పుడు వెలిగింది. మళ్లీ స్టార్టవదని ఏ డ్రైవరూ ఇంజను ఆపడు, దాని అదురుకి బరువు ఓ పట్టాన స్థిరపడదు. తెరను చూసుకోవలసిన ప్రోగ్రాం, ఆ పని వదిలేసి బరువు కోసం కాంటా దగ్గర కాపలా కూర్చుంటోంది. పైగా మీట మీద వేలు ఉన్నంతసేపూ కంప్యూటర్‌కి అది వంద సార్లు నొక్కినట్టే, వంద కాపలాలు. తప్పు అన్న వేలిది కాదు, నాది.

అక్కడే స్టూలు మీద కూర్చుని మార్చాను. మీట నొక్కితే ప్రోగ్రాం కబురు మాత్రమే పంపుతుంది. కాపలా కాయడానికి వెనక వేరే ఏర్పాటు పెట్టాను. ఒక తూకం పూర్తయ్యేదాకా ఎన్నిసార్లు నొక్కినా పట్టించుకోదు. పెద్దాయన ట్రాక్టర్ ఎక్కింది. అన్న వేలు పెట్టాడు, తెర మీద అంకెలు ఊగాయి, ఊగి ఊగి నిలిచాయి. అప్పుడు వేలు తీశాడు. ఒకటే చీటీ వచ్చింది. పెద్దాయన దాన్ని చదివి, "మా చెరకు ఎండితే ఎండింది గానీ, నీకు పని వచ్చిందమ్మా" అని వెళ్లిపోయాడు.

ఇప్పుడు నా దగ్గర చేరిన పిల్లలు "వాడేవాళ్లకి నొక్కడం రాదు మేడం" అంటే నవ్వొస్తుంది. ఆ రోజు అన్న "ఏమైండె చెల్లె?" అని అడిగితే, తప్పు నాదని చెప్పడానికి నోరు రాలేదు. "కంప్యూటర్‌కు ఎండదెబ్బ తాకిందన్నా" అన్నాను. ఆయన ఒక్క క్షణం నా ముఖం చూసి, లేచి, ఫ్యాన్‌ను నా వైపు తిప్పాడు.