సొట్టగడ్డం దొరకు వన్స్ మోర్

మా చిన్నప్పుడు ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తినగానే, ఎవరి చాప వారు చంకన పెట్టుకొని బస్తరు ఇనుపగనుల ఊరు కిరండూల్‌లో మా కాలనీ క్లబ్బు హాలుకు పరుగెత్తేవాళ్ళం... నెలకొకసారి అక్కడ ఇంగ్లీషు సినిమా. కిటికీలకు గోనెపట్టాలు కట్టి, గోడకు తెల్ల దుప్పటి బిగించేవారు. యంత్రంలోంచి వచ్చే వెలుగులో ఇనుపరాతి ఎర్రధూళి తేలుతూ ఉండేది.

ఆ సినిమాలలో ఒక అమెరికా నటుడు మాకు ఆత్మబంధువు. ఆయన పేరు మా నాలుకలకు లొంగలేదు. గడ్డం మధ్య చిన్న సొట్ట ఉండేది కనుక కాలనీ అంతా సొట్టగడ్డం దొర అనేది. ఒక నెల గుర్రమెక్కి వచ్చేవాడు, మరొక నెల సైనికుడై కుంటుతూ వచ్చేవాడు. పాదిరీ వేషంలో కనబడినప్పుడు మా పక్కింటి మేరీ అత్తయ్య లేచి దండం కూడా పెట్టింది... మాట ఒక్కటీ అర్థం కాకపోయినా, ఆయన ఏడిస్తే మేమూ ఏడ్చేవాళ్ళం.

ఆయనను నటుడిగా ఒప్పుకోనివాడు ఒక్కడే... రామ్మూర్తి బాబాయి. బొబ్బిలి వైపు నుంచి వచ్చి, మా నాన్నగారితోపాటు రైల్వేలో పాయింట్స్‌మన్‌గా పనిచేసేవాడు. ఏటా దసరాకు కాలనీవారు వేసే పద్యనాటకంలో రాజు ఆయనే. సినిమాలో తప్పు పోతే మళ్ళీ తీసుకుంటారనీ, నాటకంలో నోరు జారితే జారిందేననీ, కాబట్టి తెర మీద ఆడేది నటనే కాదనీ ఆయన వాదన.

అటువంటి మనిషి, ఒక దసరాకు, పెద్ద పద్యంలో రెండు పాదాలు పాడి మూడవది మరిచిపోయాడు. హార్మోనియం ఆయన కోసం అదే స్వరాన్ని తిప్పి తిప్పి వాయించింది. పాదం రాలేదు. చివరకు తెర దించేశారు.

ఆనాటి నుంచి ఆయన ఎదురైతే చాలు, పిల్లలం “మూడో పాదం దొరికిందా బాబాయీ?” అని అడిగేవాళ్ళం. అడిగినవారిలో నేనూ ఉన్నాను. ఆ సంగతి రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

బాబాయి కిరీటాన్ని ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఇక ముఖానికి రంగు పూసేది లేదన్నాడు. మళ్ళీ దసరా దగ్గర పడింది. ఆ పద్యాలు వచ్చినవాడు మరొకడు లేడు. ఎందరు బతిమాలినా ఆయన వినలేదు. ఆ యేడు నాటకం ఉండదనే అందరూ అనుకున్నారు.

సరిగ్గా ఆ నెల సినిమాలో సొట్టగడ్డం దొర, తెల్లజుట్టు పెట్టుకొని, ముసలి వకీలు వేషం వేశాడు. కోర్టులో నిలబడి పెద్ద ఉపన్యాసం అందుకున్నాడు... నడుమ ఆగిపోయాడు. కళ్ళు వాల్చాడు. గుటక మింగాడు. హాలులో యంత్రం చప్పుడు తప్ప మరేమీ లేదు.

వెనుక నుంచి ఎవరో, దొర మాట మరిచిపోయాడని, “భూల్ గయా” అన్నారు. హాలంతా నవ్వింది. హార్మోనియం వాయించే సత్యం మామ వెనక్కి తిరిగి, “రామ్మూర్తీ, నీకు జోడీ దొరికినాడురా” అన్నాడు.

ఈలోగా తెర మీద దొర తలెత్తి మళ్ళీ మాట అందుకున్నాడు. బాబాయి చాప మీది నుంచి లేచి నిలబడ్డాడు.

“వన్స్ మోర్” అన్నాడు.

పద్యం నచ్చితే ప్రేక్షకులు అలా కేకవేయడం, నటుడు ఆ పద్యాన్నే తిరిగి పాడడం మన నాటకాల ఆచారం. దానికి ‘మరొక్కసారి’ అని చక్కని తెలుగు మాట ఉన్నదని నాకు తెలుసు. కాని ఆ చోట అది అతకదు. తెర మీది బొమ్మకు ఆ కేక వినిపించదని బాబాయికీ తెలుసు. అయినా నోరు ఊరుకోలేదు. యంత్రం నడిపే భయ్యాది జగదల్‌పూర్. ఈ ఆచారం ఎరగడు. ఎవరో పెద్ద అధికారి ఆజ్ఞాపించాడనుకొని, “ఫిర్ సే? జీ సాబ్” అంటూ యంత్రాన్ని ఆపి, రీలును వెనక్కి తిప్పాడు.

దొర మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అక్కడే ఆగాడు... అవే వాలిన కళ్ళు, అదే గుటక. ఈసారి ఎవరూ నవ్వలేదు.

బాబాయి మెల్లగా కూర్చొని, తనలో తాను అనుకుంటున్నట్లు అన్నాడు. “తప్పైతే మళ్ళీ తీసుకుందురు కదరా. తియ్యనేదు. ఉంచీసినారు. అంటే మరిసిపోనేదు... ఆగినాడు.”

మరునాడు మా ఇంగ్లీషు మాస్టారి దగ్గరకు వెళ్ళి దొర సంగతులు అడిగాడు. ఆయన ఒక పాత పత్రిక వెతికి చదివి చెప్పారు. దొర మొదట నాటకాల మనిషేనట. సినిమాలలో ఎంత కీర్తి వచ్చినా, నడుమ నడుమ రంగస్థలానికి వెళ్ళివస్తూనే ఉంటాడట. “అక్కడ కూడా వన్స్ మోర్ అంటారేటి మాస్టారూ?” అని బాబాయి అడిగాడు. అక్కడ చప్పట్లు మాత్రమే కొడతారని తెలిసి, “పాపం” అన్నాడు.

ఆ సాయంత్రమే ట్రంకుపెట్టె తాళం తీశాడు.

దసరా వచ్చింది. అదే పద్యం. రెండు పాదాలు పాడి బాబాయి ఆగాడు. కళ్ళు వాల్చాడు. హార్మోనియం మీద సత్యం మామ వేళ్ళు బిగుసుకుపోయాయి. ముందు వరుసలో కూర్చున్న నేను మోకాళ్ళ మీద లేచాను... గుటక మింగి, తలెత్తి, మూడవ పాదాన్ని బాబాయి నెమ్మదిగా, దాదాపు మాట్లాడుతున్నట్లు అందుకున్నాడు. పద్యం ముగిసీ ముగియకముందే “వన్స్ మోర్” అని మొదట అరిచినవాడిని నేనే.

తిరిగి పాడినప్పుడు కూడా అక్కడే, అంతసేపే ఆగాడు. మొదటిసారి నిజంగా మరిచిపోయాడో, కావాలనే ఆగాడో... నేను ఎన్నడూ అడగలేదు.

తరువాత జీవితమంతా బడిపిల్లలకు విరామచిహ్నాలు నేర్పాను. కామా అంటే ఖాళీ కాదనీ, అదీ వాక్యంలో భాగమేననీ చెప్పినప్పుడల్లా నాకు ఆ హాలే గుర్తుకువచ్చేది.

మొన్న మా మనవరాలు ఫోనులో సొట్టగడ్డం దొరను చూపించింది. పండు ముసలివాడై, మళ్ళీ నాటకం ఆడుతున్నాడు. తెల్లజుట్టు ఈసారి పెట్టుకున్నది కాదు. ఒక మాట దగ్గర ఆగాడు. నేను ఫోను మీదికి వంగాను. అమ్మాయి అద్దాన్ని రెండుసార్లు వేలితో తాకింది... దొర చప్పున వెనక్కి వెళ్ళి, ఆ మాటే తిరిగి చెప్పాడు. ఎవరూ లేచి నిలబడలేదు. ఎవరూ కేకవేయలేదు. నా నాలుక చివరిదాకా వచ్చిన మాట అక్కడే ఉండిపోయింది.

మీరు చివరిసారి ఎవరికి, ఎక్కడ ‘వన్స్ మోర్’ అన్నారో కింద రాయండి... అక్షరదోషాలుంటే ఉండనివ్వండి. ఈ ఒక్కసారికి దిద్దను.