మందు మానేసిన మా తమ్ముడు

మా తమ్ముడు సోఫాలు కుడతాడు. కుంగిన స్పాంజి పీకేసి, కొత్త రెక్సిన్ లాగి బిగించి, చివరికి తనే ఎక్కి కూర్చుంటాడు. "నన్ను మోసిందంటే మీ ఇంటిల్లిపాదినీ మోస్తుంది, ఇక తీసుకెళ్ళండి" అంటాడు. మనిషి అంత భారీ. తన లావు మీద తనే జోకులేసుకుంటాడు గనక అందరికీ అలుసు. ఏ పెళ్ళికెళ్ళినా వాడు కూర్చోబోయే ప్లాస్టిక్ కుర్చీ వంక చూసి ముసిముసిగా నవ్వుకుంటారు. వాళ్ళందరూ నాకు అసహ్యమే. కానీ మా పెదనాన్న కొడుకంటే ఉన్నంత అసహ్యం ఇంకెవరి మీదా లేదు.

ఆయన సన్నగా, నలగని చొక్కాలో ఉంటాడు. మెగ్నీషియం పొడి డబ్బాలు అమ్ముతాడు. అమ్ముతున్నానని చచ్చినా అనడు, "ఆరోగ్యం పంచుతున్నాను" అంటాడు. తమ్ముడికి బీపీ బాగా ఎక్కువుందని, రోజూ మాత్ర వేసుకోకపోతే గుండెకీ మెదడుకీ ముప్పని డాక్టరు చెప్పాడని తెలిసిందో లేదో, షాపులో వాలిపోయాడు. జిగురు వాసనకి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో తమ్ముడి పొట్టలో వేలు పెట్టి పొడిచాడు.

"ఇదంతా విషంరా. నువ్వు మింగే ఆ మాత్రలూ విషమే. లావుగా ఉన్నవాళ్ళకి మెగ్నీషియం ఒక్కటి చాలు, గుండె గుర్రంలా పరిగెడుతుంది."

అన్నం క్యారియర్ పట్టుకుని నేనక్కడే ఉన్నాను. ఆ వేలు విరిచి చేతిలో పెడదామనిపించింది. మా వాడు మాత్రం అన్నయ్య చెప్పాడు కదా అని నోరు తెరుచుకుని విన్నాడు.

పొడి మొదలెట్టాక విరేచనాలు పట్టుకున్నాయి. సోఫాకి మేకు కొడుతూ కొడుతూ సుత్తి పడేసి బాత్రూమ్‌కి పరిగెత్తేవాడు. ఫోన్ చేస్తే అన్నయ్య, "శుభం! విషాలు పోతున్నాయి" అన్నాడు. పైగా వచ్చి, వాడి పీక్కుపోయిన మొహాన్ని ఫొటో తీసి, 'మా తమ్ముడు ఎంత తగ్గాడో చూడండి' అని బంధువులందరికీ పంపాడు. విరేచనాలతో కూడా వ్యాపారం చేసేవాడిని నేను అప్పుడే చూశాను.

నేను పోరగా పోరగా తమ్ముడు డబ్బా పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాడు, ఒక్కడే. ఆయన ఏం చెప్పాడో అంతా జరిగాక నేనే వెళ్ళి కనుక్కున్నాను. మెగ్నీషియం వల్ల కొందరికి బీపీ కాస్త తగ్గొచ్చు, అంతేగాని మాత్రలకి బదులు కాదు, విరేచనాలవుతుంటే ఆ పొడి ఆపేయమన్నాడట. వారాంతాల్లో తాగుతానని మా వాడు ఒప్పుకుంటే, చివర్లో, "ముందు మీరు మందు మానేయండి" అన్నాడట.

మా వాడికి ఆ చివరి మాటే చెవిలో పడింది. అన్నయ్య నూరిపోసిన మాటకి అది అచ్చంగా సరిపోయింది.

ఇంటికొచ్చి, "డాక్టరే మందు మానేయమన్నాడు. ఇవాళ్టి నుంచీ బంద్" అన్నాడు. మా మరదలు సంబరపడిపోయింది. నాకు ఫోన్ చేసి, "వదినా, మీ తమ్ముడు మందు మానేశారు!" అంది. నేనూ సంతోషించాను. అన్నయ్యయితే "ఇప్పుడు దారికొచ్చావురా" అని భుజం తట్టాడు. ఎవరికి కావలసిన మందు వాళ్ళకి వినపడింది.

ఒక శనివారం సాయంత్రం వాడు షాపు మూసి ఇంటికొస్తే గుప్పున వాసన.

"ఏవండీ, మందు మానేశానన్నారు?" అని మరదలు నిలదీసింది.

"మానేశాగా. మాత్ర ముట్టుకుని నెల దాటింది" అన్నాడు, బిక్కమొహం వేసి.

మరదలు గబగబా మాత్రలు వెతికి, నీళ్ళ గ్లాసు చేతికిచ్చింది. గ్లాసు జారిపోయింది. మూతి పక్కకి లాగేసింది. మెదడులో నరం చిట్లిందన్నారు ఆస్పత్రిలో. ప్రాణం దక్కింది. రెక్సిన్ లాగి బిగించే కుడిచెయ్యి మాత్రం దుప్పటి మీద వాడిది కానట్టు పడి ఉంది.

అన్నయ్య చూడ్డానికొచ్చాడు, భార్యతో సహా. "మానేయమన్నది డాక్టరేగా, మనమేం చేస్తాం" అన్నాడు, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని. చెప్పు తీద్దామనుకుంటుండగా, పాపం ఏమీ తెలియని మా వదిన, సంచిలోంచి మాత్రల షీటు తీసి ఆయనకి అందించింది.

"మాటల్లో పడి మర్చిపోయారు. టైమయింది, వేసుకోండి."

తమ్ముడు ఆ షీటు వంకే చూస్తున్నాడు. రోజూ తను చింపి వేసుకున్న బీపీ మాత్రే అది, అదే రంగు, అదే పేరు.

"అన్నయ్యా, అది విషం కదా?" అన్నాడు మాట ముద్దగా, నిజంగానే భయపడి.

అన్నయ్య అటు తిరిగి మాత్ర మింగాడు.