కుప్పానికి పోయిన వాన

ఆ రోజుల్లో కాలేజీలో రేపేం జరగబోతోందో తెలియాలంటే గేటు పక్కనున్న నల్లబల్ల ముందు ఆగాల్సిందే. పాటకచేరీకి ఎర్ర సుద్దముక్క, నాటకానికి పచ్చది, ఉపన్యాసానికి తెల్లది అని మాకొక ఏర్పాటు ఉండేది. (తెల్ల అక్షరాలు కనబడితే చాలు, పిల్లలు సైకిళ్ళు ఇంకాస్త గట్టిగా తొక్కేవాళ్ళు.) ఇప్పుడు అన్నీ చేతిలోని ఫోనుకే వస్తున్నాయి. అయినా పిలిస్తే ఎవరూ రావడం లేదని మా మనవరాలు వాళ్ళ కాలేజీ కార్యక్రమాల గురించి మొత్తుకుంటూ, "తాతయ్యా, జనాన్ని ఎలా రప్పించాలో చెప్పు" అంటుంది. నేను మాట మార్చేస్తాను. జనం రాకపోతే పోయేది కాస్త పరువు. వస్తే ఏమవుతుందో మదనపల్లెలో చదువుకునే రోజుల్లో ఒకసారి చూశాను. అది తల్చుకుంటే ఈ వయసులో కూడా ఒంటరిగా ఉన్నప్పుడు చెవులు వేడెక్కుతాయి.

మాది పుంగనూరు దారిలో ఒక మెట్ట పల్లె. వాన పడితే వేరుశనగ, పడకపోతే ఆకాశం కేసి చూడటం, ఇదీ మా సేద్యం. నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా గొంతు బాగుందన్న ఒక్క అర్హతతో నన్ను సాంస్కృతిక సంఘానికి కార్యదర్శిని చేశారు. అప్పటినుంచి మామూలుగా మాట్లాడటం మర్చిపోయాను. హాస్టల్లో మజ్జిగ అడిగినా మైకు ముందు నిలబడి అడిగినట్టే ఉండేది. మా ప్రిన్సిపాలుగారిని గడియారం సారు అనేవాళ్ళం. వాచీ చూసుకోకుండా ఆయన ఎవరికీ నమస్కారం కూడా పెట్టేవారు కాదు. అంతకు ముందు ఏడాది ఆయన పిలిపించిన ఒక పెద్దాయన ఉపన్యాసానికి అటెండరూ, నేనూ, ఆ పెద్దాయన కారు డ్రైవరూ తప్ప ఎవరూ రాలేదు. ఆ అవమానం ఆయన మనసులో అలాగే ఉండిపోయింది. "ఈసారి హాలు నిండాలయ్యా" అన్నారు. "నింపేస్తాను సార్" అన్నాను. ఎలా నింపుతావని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ వారం కార్యక్రమాలు మూడు. శుక్రవారం ఉపన్యాసం, శనివారం గాత్ర కచేరీ, ఆదివారం మా నాటకం. ఉపన్యాసం చెప్పేది మద్రాసులో వాతావరణ శాస్త్రం బోధించి రిటైరైన ప్రొఫెసరుగారు. కుప్పంలో కూతురింటికి వచ్చి ఉంటే గడియారం సారు బతిమాలి ఒప్పించారు. విషయం మబ్బులూ వానలూ. తెల్ల సుద్దముక్కతో ఈ సంగతి రాస్తే మళ్ళీ డ్రైవరే గతి అని నాకు అర్థమైపోయింది. నా స్నేహితుడొకడుండేవాడు, సౌండు అని పిలిచేవాళ్ళం. వాళ్ళ మామకు సినిమా ప్రచారం చేసే వ్యాను ఉండేది. నెత్తిన రెండు పెద్ద గొట్టాలు కట్టుకుని సంత రోజున పల్లెపల్లెనా ఆగుతూ పుంగనూరు దాకా పోయివచ్చేది. సౌండు నన్ను అందులో ఎక్కించాడు. సినిమా సంగతి ఒకసారి, మా కాలేజీ సంగతి ఒకసారి, వంతులవారీగా చెప్పుకుంటూ పోదామన్నాడు.

సినిమా గురించి చెప్పిన ఊపులోనే కాలేజీ గురించీ చెప్పాను. తప్పంతా అక్కడే జరిగింది. "రైతు సోదరులారా! మబ్బుల గుట్టు తెలిసిన మహానుభావుడు! వానల ఆనుపానులన్నీ ఔపోసన పట్టిన మేధావి! ఆయన కాలు పెడితే మబ్బు కదులుతుంది! శుక్రవారం సాయంత్రం, మన కాలేజీలో! రండి, తరలి రండి, పిల్లాపాపలతో రండి!" అని గొంతు చించుకున్నాను. మబ్బు కదులుతుందన్న మాట అప్పటికప్పుడు నోటికొచ్చింది. చెవికి ఇంపుగా ఉందని ప్రతి ఊళ్ళోనూ వాడాను. కచేరీ, నాటకం సంగతి చివర్లో రెండు ముక్కల్లో ముగించాను. ఆడవాళ్ళు పని ఆపి నిలబడి విన్నారు. ముసలివాళ్ళు అరుగులు దిగొచ్చి వ్యానుకు దండం పెట్టారు. అదంతా నా గొంతు మహిమే అనుకుని మురిసిపోయాను.

ఆ ఏడాది ఆషాఢం దాటిపోతున్నా మా పక్క చినుకు లేదని నాకు తెలియక కాదు. తెలిసినా ఆ రెండింటినీ కలిపి ఆలోచించే తెలివి లేకపోయింది. వాన మొహం చాటేసిన ఏడు మా ఊళ్ళలో పురాణం చదివిస్తారు. చదివే పెద్దాయనను బండి కట్టి పిల్చుకొస్తారు, కాళ్ళు కడుగుతారు, పూలదండ వేస్తారు. చదవడం ముగిశాక ఆయనను పీట మీద కూర్చోబెట్టి ఆడవాళ్ళు బిందెలతో నెత్తిన నీళ్ళు పోస్తారు. తడిసిన మనిషిని చూసి పైనున్నవాడి మనసు కరుగుతుందని నమ్మకం. చిన్నప్పుడు ఆ నీళ్ళ కింద దూరి నేను గంతులేసినవాణ్ణే. అయినా ఆ సంగతి ఆ పూట నా బుర్రకు తట్టలేదు. (తెల్ల ప్యాంటు వేసుకుంటే మనిషికి చాలా సంగతులు తట్టవు.)

శుక్రవారం సాయంత్రం గడియారం సారు వాచీ చూసుకుంటూ గేటు దగ్గర నిలబడ్డారు. మొదట ఒక ఎద్దులబండి వచ్చింది. దాని వెనక ఇంకోటి. ఆ తర్వాత పుంగనూరు వైపు నుంచి వచ్చిన ప్రతి బస్సూ మా గేటు ముందే ఆగడం మొదలుపెట్టింది. దిగినవాళ్ళ చేతుల్లో కొబ్బరికాయలు, బంతిపూల దండలు, అంటించడానికి కర్పూరం. ఆడవాళ్ళ చంకల్లో నీళ్ళ బిందెలు, మూతికి గుడ్డ కట్టి మరీ. "ఏమిటయ్యా ఇది?" అని సారు నా వైపు తిరిగారు. నేనింకా ఆ బిందెలు లెక్కపెడుతుండగానే మా ఊరి బండి వచ్చి ఆగింది. అందులోంచి ఉతికిన పంచె కట్టుకుని మా నాయన దిగాడు, వెనకే బిందెతో మాయమ్మ. నన్ను చూడగానే చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినబడేట్టు, "అడిగో, మావోడే! వాడే పిలిపిచ్చినాడు ఆ సామిని!" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

హాలు నిండింది. వరండా నిండింది. కిటికీలకు మనుషులు వేలాడారు. మేఘాల సారు, అంటే ఆ ప్రొఫెసరుగారు, బక్కపల్చని మనిషి, మందపాటి కళ్ళద్దాలు, చేతిలో స్లైడ్ల పెట్టె. ఆ జనాన్ని చూసి ముందు సంతోషించారు పాపం. తన శాస్త్రానికి ఇంత ఆదరణ ఉన్న ఊరు దేశంలో ఇంకోటి లేదని మొదలుపెట్టారు. లైట్లు ఆర్పించి గోడ మీద మబ్బు బొమ్మ వేశారు. అంతే, హాలంతా "గోవిందా! గోవిందా!" అంటూ లేచి నిలబడింది. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. అల్పపీడనం అన్న మాట ఆయన నోట్లోంచి రాకముందే మెడలో దండ పడింది. లైట్లు వేయించి చూసేసరికి మా నాయన వేదిక ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"సామీ, ఇత్తనాలు ఒలిసి పెట్టుకోనుండాము. రేపు గొర్రు కట్టమంటావా, వద్దంటావా? నువ్వు కాలు పెడితే మబ్బు కదుల్తాదని మావోడు మైకులో చెప్పినాడు. ఆ మాట ఇనే మా ఊరంతా కాయలొలిసినాం."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. గొర్రు కట్టడమంటే విత్తనం వేయడానికి దిగడమే. వేరుశనగను తొక్కతోనే దాచుకుంటారు, విత్తే ముందు ఒలుస్తారు. ఒలిచిన గింజ ఎక్కువ రోజులు ఆగదు. విత్తాలి, లేదంటే తినాలి. నా నోటికొచ్చిన ఒక్క మాట కోసం మా ఊరు ఊరంతా కూర్చుని విత్తనం ఒలిచేసింది. 

మేఘాల సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "అయ్యా, మబ్బులెలా పుడతాయో చదువుకున్నవాణ్ణి, అంతే. పుట్టించడం నాకు చేతకాదు" అన్నారు మెల్లగా.

"పుట్టిచ్చలేకపోతే ఇంగ సదివి ఏమి లాబం సామీ?" అని ముందు వరసలోని ఒక అవ్వ నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

"మా ఇంట్లో ఆవిడ కూడా అదే అడుగుతుందమ్మా" అన్నారాయన. ఎవరూ నవ్వలేదు. ఆయన వేదిక దిగి మా నాయన దగ్గరికి వచ్చారు. "నేల మూరెడు లోతు తడిస్తే తప్ప గింజ వెయ్యకండి. ఎవరు చెప్పినా వెయ్యకండి. నేనొచ్చానని అసలే వెయ్యకండి" అన్నారు. మా నాయన ఆయన మొహంలోకి చూసి, ఆ తర్వాత నా మొహంలోకి చూశాడు. నాయన కళ్ళలో కోపం వెతికాను, కనబడితే కాస్త ఊరటగా ఉండేది. కనబడలేదు.

వెనకవాళ్ళకు ఈ మాటలేవీ చేరలేదు. వాళ్ళింకా గోవింద కొడుతూనే ఉన్నారు. గడియారం సారు జీవితంలో మొదటిసారి వాచీ చూసుకోకుండా నాతో మాట్లాడారు. "పిలిచినవాడివి నువ్వే. చెప్పేది కూడా నువ్వే" అని మైకు చేతికిచ్చారు. "సోదరులారా" అన్నాను. పల్లెపల్లెనా మోగిన గొంతు కాస్తా అక్కడ కీచుమంది. "ఈయన వాన కురిపించరు" అన్నాను. "గట్టిగా చెప్పప్పా, ఇనపళ్యా!" అని కిటికీలోంచి ఒకాయన అరిచాడు. ఇంకోసారి గట్టిగా చెప్పాను. "ఏమంటాండాడు?" అని వరండాలో అడిగారు. మూడోసారి చెప్పేటప్పటికి హాలంతా చప్పుడు లేదు. భూమి చీలితే దూకేద్దామా అనిపించింది. మా భూమేమో అప్పటికే చీలే ఉంది గానీ అవన్నీ కాలు కూడా పట్టని బీటలు.

జనం తిట్టి ఉంటే బాగుండేది. ఒక్కరూ తిట్టలేదు. ఆ అవ్వ మాత్రం, "ఇంత దూరం ఎత్తుకోనొచ్చిన నీళ్ళు ఎనక్కి తీసకపోకూడదు. ఎవురో ఒకరి మింద పొయ్యాల" అంది. ఆ ఏడు మా పక్క ఆడవాళ్ళు ఒక్కో బిందె కోసం చేలకు చేలు దాటి నడుస్తున్నారని ఆ హాల్లో అందరికన్నా బాగా నాకు తెలుసు. జనం మేఘాల సారు వైపు చూశారు, ఆయన స్లైడ్ల పెట్టె గుండెలకు హత్తుకున్నారు. అప్పుడు మా నాయన, "ఆయప్పకు యాల? పిలిసినోడు మావోడు గదా, వాని మిందనే పొయ్యండి" అన్నాడు.

వరండా మెట్ల మీద కూర్చోబెట్టి పోశారు. అది శిక్షో పూజో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. పసుపు రాసి, దండం పెట్టి మరీ పోశారు. బిందెల అడుగున బావి ఒండ్రు ఉంది, అది కూడా నెత్తిమీదికే వచ్చింది. కొత్త టెరిలిన్ చొక్కా, తెల్ల ప్యాంటు ఎర్రమట్టి రంగుకు తిరిగాయి. ఎదురుగా మా తరగతి అమ్మాయిలు పుస్తకాలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. చివరి బిందె మాయమ్మది. పోసేసి, కొంగుతో నా తల తుడుస్తూ, "జలుబు చేస్తాదప్పా, గుడ్డలు మార్చుకో" అంది. సిగ్గుతో తలెత్తలేకపోయాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ ఆ తడిలో ఎవరికీ తెలియలేదు.

ఆమె అన్నట్టే జలుబు చేసింది. మర్నాడు కచేరీలో గాయకుణ్ణి పరిచయం చేస్తూ పేరుకూ బిరుదుకూ మధ్య ఎడతెగకుండా తుమ్మాను. వినడానికి వచ్చింది ఆయన తాలూకు బంధువులు, మా అటెండరు. ఆదివారం నాటకంలో నాది దూత వేషం, అది ఇంకొకడికి ఇచ్చేశారు. ఇంత జరిగాక కథ అయిపోయిందనుకున్నాను. శనివారం ఉదయమే మేఘాల సారు పుంగనూరు మీదుగా బస్సులో కుప్పం వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం కుప్పంలో వాన పడింది. చినుకులు కాదు, వీధులు ఏరులయ్యే వాన. మర్నాడు కుప్పం నుంచి వచ్చిన బస్సు కడిగిన గిన్నెలాగా తళతళలాడుతూ మా ఊరి ముందు ఆగితే జనమంతా దాని చుట్టూ మూగారట. చక్రాలకున్న తడి బురదను ముట్టుకుని చూశారట.

అంతే, నేను తేరుకోలేని దెబ్బ అది. ఆ తర్వాత ఊరికి వెళితే ప్రతి ఒక్కరిదీ ఒకటే మాట. "యాల తొందరపడి పంపిచ్చేస్తివప్పా? ఒక్క పూట పెట్టుకోనుంటే ఈడే కురుసుండు గదా!" ఆయన వాన తెప్పించలేడని నేనే మూడుసార్లు మైకులో చెప్పానే అంటే, "పెద్దోళ్ళు అట్లే అంటారులే, మనమే బతిమాలుకోవాల" అనేవాళ్ళు. వాతావరణం గురించి పుస్తకాల్లో వెతికి చదివిందంతా అప్పజెప్పినా ఒక్కరూ ఒప్పుకోలేదు.

మా నాయన మాత్రం మేఘాల సారు మాట పట్టుకుని కూర్చున్నాడు. నేల మూరెడు తడవలేదు, గొర్రు కట్టలేదు. మా దిక్కు వాన దసరా నాటికి వచ్చింది, ఎందుకూ పనికిరాకుండా. ఒలిచిన విత్తనాలన్నీ ఆ ఏడాది మేమే తిన్నాం. ఉడకబెట్టుకుని తిన్నాం, వేయించుకుని తిన్నాం, రోజూ రాగిముద్దలోకి శనక్కాయల ఊరిబిండి పచ్చడి. విత్తనం తినడం సేద్యగాళ్ళ ఇంట్లో ఎంత తలవంపులో చేసినవాళ్ళకే తెలుస్తుంది. మా నాయన తల వంచుకుని తినేవాడు. మాయమ్మ నా కంచంలో ఇంకో గరిటె వేస్తూ, "తినప్పా, నువ్వు పిలిపిచ్చిన వానే గదా" అనేది. ఆమె తమాషాకే అనేది. 

ఎనభైల్లో నాకు ఉద్యోగం వచ్చింది. దేవుడికి హాస్యం ఎక్కువ, వేసింది కుప్పంలో. అక్కడ వాన పడిన శనివారాల్లో ఊరికి బయల్దేరితే, బస్సు మా ఊరు చేరకముందే తడి గొడుగును సంచిలో అడుగున దూర్చి పైన చొక్కాలు కప్పేవాణ్ణి. ఒకసారి అది సరిగా మూసుకోక సంచిలోంచి చినుకులు కారాయి. ఎండిపోయిన మా గుమ్మం ముందు నేల మీద చుక్కలు పడటం మా నాయన చూశాడు.

"ఆడ పడిందా?" అన్నాడు.

"తుంపర, నాయనా."

ఆయన వంగి ఒక చుక్కను వేలితో ముట్టుకున్నాడు. "పోనీలేప్పా. ఆయప్ప మంచోడు. పోతాపోతా యాడో ఒకచోట పోసినాడు గదా" అన్నాడు.

 మా నాయన ఆ మాట అన్నప్పటి వయసు నాకెప్పుడో దాటిపోయింది. గొడుగులు మారాయి, ఊళ్ళు మారాయి. అయినా వానలో తడిసి ఏ ఇంటికి వెళ్ళినా, గుమ్మం బయటే నిలబడి గొడుగును దులిపి, మడిచి, వెనక దాచుకునే లోపలికి అడుగుపెడతాను. మా మనవరాలు చూసి నవ్వుతుంది, నేనూ నవ్వేస్తాను.