సంతకం పడని ఇసకదిబ్బ

మా తోటికోడలి గుమ్మం ముందు సర్కారు జీపు ఆగిన రోజు నాకు అన్నం సయించలేదు. అరవైల చివరి మాట. శ్రీకాకుళం దగ్గర సముద్రపొడ్డు ఊరు మాది. మామగారు కట్టిన పెంకుటింటికి నడిమధ్య గోడ పెట్టి అటు బావగారి కుటుంబం, ఇటు మేమూ ఉండేవాళ్ళం. గోడ అయితే కట్టారు గానీ అటు ఏం కూర వండుతున్నారో నాకు వాసనబట్టి తెలిసిపోయేది. ఆ కూర మా కూరకంటే బాగుంటుందేమోనని బాధగానూ ఉండేది. పొరుగింటి పుల్లకూర రుచి అని మా ఆయన వెక్కిరించేవాడు.

నిజానికి నేను కుళ్ళుకోవడానికి కారణమే లేదు. మా వైపు పంపకాల్లో పెద్దవాడు వాటాలు వేస్తే చిన్నవాడు ముందు కోరుకుంటాడు. బావగారు రెండు వాటాలు వేశారు. ఒకదాంట్లో పల్లం, ఏటా వరి పండే భూమి. రెండోదాంట్లో కాస్త మెట్ట, దానితోపాటు ఆ పల్లానికీ సముద్రానికీ నడుమ అడ్డంగా ఉన్న పెద్ద ఇసకదిబ్బ, దాని నిండా మొగలి డొంకలు. నేనే మా ఆయన్ని మోచేత్తో పొడిచి పల్లం కోరించాను. నా పుట్టిల్లు గజపతినగరం దగ్గర. మాకు చెరువు తెలుసు, నుయ్యి తెలుసు. పెళ్ళయ్యేదాకా సముద్రం చూసి ఎరగను. దిబ్బ అంటే నా దృష్టిలో ఎందుకూ కొరగాని ఇసక.

ఆ ఇసక కోసమే జీపు వచ్చింది. ఒడ్డు పొడవునా ఉన్న దిబ్బల్ని ఎవరూ తవ్వకుండా, ఉప్పుమళ్ళు చెయ్యకుండా సర్కారే డబ్బిచ్చి కొని, సరుగుడు మొక్కలు నాటించి అలాగే ఉంచేస్తుందట. ఆఫీసరు మా తోటికోడలి అరుగు మీద కూర్చుని, "అమ్మగారూ, మీలాంటివాళ్ళు ముందుకొస్తే ఊరంతటికీ మేలు" అన్నాడు. గోడ ఇవతల నిలబడి విన్నాను. ఆవిడ కొత్త గాజుగ్లాసుల్లో టీ ఇచ్చింది. ఆ గ్లాసులు ఎప్పుడు కొన్నదో నాతో చెప్పనే లేదు. మర్నాటినుంచి నూతి దగ్గర ఆడవాళ్ళు చేద ముందు ఆవిడ చేతికే ఇవ్వడం మొదలుపెట్టారు. పిచ్చి ఇసకకి డబ్బా, పైగా మర్యాదా! కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. ఇంతకంటే మెత్తగా చెప్పుకోవడం నాకు చేతకాదు.

పట్టా ఇంకా మామగారి పేరనే ఉంది కాబట్టి అన్నదమ్ములిద్దరూ సంతకాలు పెట్టాలన్నారు. మార్చి నెలాఖరులోగా కాయితాలు పూర్తికాకపోతే ఆ ఏటికి మంజూరైన డబ్బు వెనక్కి పోతుందని కూడా ఆఫీసరు చెప్పాడు. ఆ ముక్క మాత్రం నా చెవిలో బాగా పడింది.

సాయంత్రం తోటికోడలు మా వైపు వచ్చింది.

"అమ్మీ, మరిదిని ఈ పదిరోజులూ ఊరొదిలి ఎల్లనీకే. జీపు మళ్ళీ వస్తాది."

"అలాగే అప్పా" అన్నాను.

మర్నాడే మా అమ్మకి జబ్బు చేసిందని కబురొచ్చినట్టు చెప్పి మా ఆయన్ని వెంటబెట్టుకుని పుట్టింటికి బస్సెక్కాను. మా అమ్మ గుండ్రాయిలా ఉంది. గుమ్మంలో మమ్మల్ని చూసి, "ఏటే, సెప్పకుండా వచ్చీసినారు?" అంది. మా ఆయన నా మొహంలోకి చూశాడు. ఆయనకి అర్థమైపోయింది.

"ఒసే, మా వదిన నీకేటి సేసిందే?" అన్నాడు.

ఏడ్చాను. ఏడిస్తే మెత్తబడతాడని తెలుసు. ఏప్రిల్ వచ్చేదాకా అక్కడే ఉండిపోయాం.

మేం తిరిగొచ్చేసరికి జీపు రెండుసార్లు వచ్చి వెళ్ళిపోయింది. తోటికోడలు ఎదురొచ్చి, "మీ అమ్మకెలగుందే?" అని మాత్రం అడిగింది. నూతి దగ్గర ఆవిడ మళ్ళీ అందరిలాగే తన వంతు కోసం నిలబడింది. ఆ వారం నేను కడుపునిండా తిన్నాను.

వానలు మొదలయ్యాక బావగారికి జబ్బు చేసి, ప్రాణం మీదకి వచ్చింది. విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. ఒక ఉప్పు షావుకారు డబ్బు పట్టుకుని వచ్చాడు. అతనికి పట్టా పట్టింపు లేదు, తెల్లకాయితం మీద బావగారి వేలిముద్ర చాలన్నాడు. దిబ్బ అమ్మేశారు. బావగారు బతికి ఇంటికొచ్చారు. ఈలోగా షావుకారు మొగలి డొంకలు నరికించి, కూలీల్ని పెట్టి దిబ్బని సగానికి తవ్వించేశాడు.

కార్తీకంలో తుపాను వచ్చింది. దిబ్బ తవ్విన చోటునుంచి సముద్రం లోపలికొచ్చి మా పల్లం మీద నిలిచిపోయింది. నీళ్ళు తీశాక చూస్తే ఈనిన వరి మాడిపోయి ఉంది, నేల మీద తెల్లగా ఉప్పు పేరుకుంది. మరుసటేడు నారు పోస్తే అది కూడా ఎర్రబడి చచ్చింది.

నేను గట్టు మీద కూలబడి, అటుగా వచ్చిన తోటికోడలి మీద విరుచుకుపడ్డాను. "దిబ్బ అమ్ముకుని మా నోట్లో మట్టి కొట్టినావు గదప్పా!"

ఆవిడ నా పక్కనే కూర్చుంది.

"సర్కారోళ్ళకంటే ముందే ఆ షావుకారు వచ్చినాడే. వాళ్ళకంటే ఎక్కువే ఇస్తానన్నాడు. దిబ్బ తవ్వితే నీ పల్లం పోతాదని నేనే ఒద్దన్నాను. సర్కారుకిస్తే దిబ్బ దిబ్బలాగే ఉంటాది గదా అని ఒప్పుకున్నాను. మీ బావగారి పేణం మీదకొచ్చినాక ఇంకేటి సెయ్యను, నువ్వే సెప్పు?"

మార్చిలో మేం ఎందుకు వెళ్ళిపోయామని ఆవిడ అప్పుడు కూడా అడగలేదు. కొంగుతో నా మొహం తుడిచింది. నాకు తల కొట్టేసినట్టయింది. కానీ ఉన్నదున్నట్టు రాస్తున్నాను కాబట్టి ఇదీ రాయాలి. ఆ క్షణంలో కూడా నాకు ఆవిడని చూస్తే ఒళ్ళు మండింది. అంత మంచితనం ఆవిడకే ఎందుకుండాలి?